బొంతలో ఉడికిన అన్నం

ఆ రోజుల్లో పొదుపు అనేది ఎవరూ కూర్చుని నేర్చుకునే విద్య కాదు. గదిలోంచి బయటికి వస్తూ లైటు తీసేసేవాళ్ళం, పప్పు దింపగానే అదే మంట మీద నీళ్ళ గిన్నె పెట్టేవాళ్ళం, అంతటితో సరి. మావారికి మాత్రం అది చదివి, ఆలోచించి, ప్రయోగం చేసి చూడాల్సిన విషయం. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన మంచితనం గురించి చెబుతారు. ఆ మాట నిజమే. కానీ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు నాకు గుర్తొచ్చేది మీటరు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, లోపల తిరిగే చక్రాన్ని చూస్తూ "చూడు, ఎలా పరిగెడుతోందో" అని బాధపడే మనిషి. అందుకని ఆ మనిషి గురించే రాస్తాను.

పెళ్ళయిన కొత్తలో రాజమండ్రిలో ఒక పెంకుటింటి వెనక వాటా అద్దెకి తీసుకున్నాం. తొంభైల నడిమి రోజులు. ఆయనకి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. మా నాన్నది నరసాపురం దగ్గర పల్లె. అప్పటికి మా వైపు వరిచేలు ఒక్కొక్కటిగా రొయ్యల చెరువులు అవుతున్నాయి. నాన్న కూడా పల్లపు చేలలో చెరువులు తవ్వించారు. కొడుకులు లేరు కాబట్టి, ప్రూఫులు దిద్దే అల్లుణ్ణి తీసుకెళ్ళి ఆ చెరువుల గట్టు మీద కూర్చోబెట్టాలని ఆయన కోరిక. "ఆ అచ్చు తప్పులు ఎవరో ఒకరు దిద్దుకుంటారు, మీరు వచ్చెయ్యండి అల్లుడుగారూ" అని పెళ్ళిలోనే మొదలుపెట్టారు. మావారికి ప్రెస్సు అంటే ప్రాణం. నాకు, చిన్నదే అయినా నాదంటూ ఒక వంటిల్లు ఉండటం ఇష్టం. ఇద్దరం కూడబలుక్కుని ఏవో సాకులు చెబుతూ వచ్చాం. ఆఖరికి నాన్న ఒక మాట అన్నారు. "సరే, ఉండండి. మా అమ్మాయికి ఫలానా లోటు ఉందని నా కంట పడిన రోజున మాత్రం నేనే వచ్చి సామాను లారీ ఎక్కిస్తాను." నాన్న అన్నంత పనీ చేసే మనిషి. ఇక ఆయన ఎప్పుడు వచ్చినా మా ఇంట్లో లోటు కనపడకూడదు. అదే సమయంలో మావారి జీతంతో, మా నాన్న దగ్గర చెయ్యి చాపకుండా, ఇల్లు గడవాలి. పొదుపు అలా మొదలైంది.

ముందు జీరో బల్బు సంగతి. దానికి కరెంటు అసలు కాలదని వీధి మొత్తం నమ్మకం. మావారు నమ్మలేదు. ఒకరోజు ఇంట్లో అన్నీ ఆపేసి, ఆ ఒక్క బల్బూ వేయించి, మీటరు ముందు నిలబడ్డారు. చక్రం కదిలింది. నెమ్మదిగానే, కానీ కదిలింది. వీధిలో నలుగురికీ పనిగట్టుకుని ఈ సంగతి చెప్పారు. మోసం బయటపెట్టినందుకు ఆయనకి దక్కిన ఫలితం, "జీరో బల్బుగారు" అనే పేరు. (ఇల్లుగలావిడ నన్ను "జీరో బల్బుగారి భార్య" అనేది. నాకు కోపం వచ్చేది కాదు. పక్క వీధిలో ఒకావిడకి ఇంతకంటే చాలా ఘోరమైన పేరుండేది.) తర్వాత స్నానాల నీళ్ళు. నీళ్ళలో పెట్టే కరెంటు రాడ్డు ఆయన దృష్టిలో పగటి దొంగ. ఒక ఖాళీ నూనె డబ్బాకి నల్ల రంగు వేసి, నీళ్ళు నింపి, పెరట్లో ఎండలో పెట్టారు. ఆ డబ్బా ఎండాకాలంలో ముట్టుకోలేనంత వేడెక్కేది. చలికాలంలో ఆయన ఆఫీసుకు వెళ్ళే వేళకి మంచులా ఉండి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి గోరువెచ్చన అయ్యేది. ఎండని మాత్రం ఆయన ఎప్పుడూ తప్పు పట్టలేదు. "ఆఫీసులే పొద్దున్న పెట్టారు, అదీ పొరపాటు" అనేవారు.

వీటన్నిటిలోకీ ఆయనకి బాగా నచ్చినది బొంత వంట. ప్రెస్సుకి అచ్చుకి వచ్చిన ఏదో చిన్న పుస్తకంలో చదివారట. అన్నం పూర్తిగా ఉడికేదాకా గ్యాసు కాల్చక్కర్లేదు. ఎసరు మరిగి, బియ్యం ఒక్క పొంగు రాగానే గట్టిగా మూతపెట్టి, వేడి బయటికి పోకుండా చుట్టేస్తే మిగతాది తనంతట తానే ఉడుకుతుంది. ఎండాకాలంలో మా నాన్న మామిడికాయలు పంపిన గంపలో వరిగడ్డి ఉండిపోయింది. తపేలాకి కాగితాలు చుట్టి, గడ్డి కప్పి, పాత చీరలతో కుట్టిన బొంతలో మూట కట్టి మంచం మీద గోడకి ఆనించి పెట్టేవారు. వంటింటి గట్టు మీద గాలి తగులుతుందట, అందుకని మంచం. మొదట్లో నేను నవ్వాను. మూట విప్పేసరికి అన్నం మెతుకు మెతుకూ విడివిడిగా ఉంటే నవ్వు మానేశాను. అప్పట్లో గ్యాసు బండ రాసుకుంటే ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ఉన్నది నాలుగు రోజులు ఎక్కువ వస్తే అదే పండగ.

శ్రావణంలో ఒక వాన రోజు. నాన్న పంపిన బియ్యం బస్తా పొద్దున్నే విప్పి, అందులో బియ్యమే పొంగు రానిచ్చి, మూట కట్టి మంచం మీద పెట్టాను. కాసేపటికి వాకిట్లో చెప్పుల చప్పుడు. చూస్తే నాన్న. చెరువు మోటారు ఒకటి కాలిపోతే వైండింగుకి రాజమండ్రి తెచ్చి షాపులో ఇచ్చారట. తలంతా తడిసింది.

"ఏమ్మా, బాగున్నావా? అబ్బబ్బ, అదేం రోడ్డే, నడుం విరిగిపోయింది!" అంటూ తల తుడుచుకుని తిన్నగా మంచం మీదికి వెళ్ళారు. నేను "నాన్నా, అక్కడ..." అనేలోపు వెనక్కి వాలి మూటకి నడుం ఆనించారు. తర్వాత కళ్ళు మూసుకుని, "ఏంటే ఇది, ఇంత వెచ్చగా ఉంది? ప్రాణం లేచొచ్చింది!" అన్నారు.

చెప్పెయ్యాల్సింది. కానీ ఏమని చెప్పను? అన్నం ఉడికించుకోవడానికి గ్యాసు చాలక బొంతలో చుట్టుకుంటున్నామనా? ఆ సాయంత్రానికే వాకిట్లోకి లారీ వస్తుంది. "దిండు నాన్నా... ఎండలో పెట్టాను" అన్నాను. బయట వాన కురుస్తోంది. నాన్నకి ఆ తేడా పట్టలేదు, అప్పటికే గురక మొదలైంది.

మధ్యాహ్నం మావారు భోజనానికి వచ్చి, గుమ్మంలో ఆగి, మంచం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. ఇద్దరం వంటింట్లోకి వెళ్ళాం.

"అన్నం?" అన్నారు గుసగుసగా.

"నాన్న వెనకాల."

"లేపు మరి."

"మీరు లేపండి."

"నేనా? అల్లుణ్ణి! మావగారి నడుం కింద నించి అన్నం లాక్కున్నాడంటే బాగుంటుందా?"

"పోనీ వేరే వండేస్తాను."

ఆయన ఒక్క నిమిషం ఆలోచించారు. ఆ మొహంలో ఎంత యుద్ధం జరిగిందో నాకు తెలుసు. తర్వాత తన చేత్తోనే స్టవ్వు వెలిగించి, మంట పూర్తిగా పెంచారు. పెళ్ళయ్యాక అంత పెద్ద మంట మా ఇంట్లో చూడటం అదే మొదలు. "వినపడనీ. మన ఇంట్లో గ్యాసుకి లోటు లేదని తెలియనీ" అన్నారు. ఎసరు కాగుతుండగా ఆ మంట నీలంగా ఒకసారి ఎగిరి, చిన్నదై, ఆరిపోయింది. బండ అయిపోయింది. ఇద్దరం స్టవ్వు వంక చూస్తూ నిలబడ్డాం. కిరసనాయిలు స్టవ్వు అంతకుముందు నెలే, దండగని, ఆయన ఎవరికో ఇచ్చేశారు.

అప్పుడు మంచం మీంచి నాన్న గొంతు వినపడింది. "అమ్మాయ్, అన్నం వాసన వస్తోందేంటే? నా వీపు దగ్గర్నించే వస్తోంది!"

మేం వెళ్ళేసరికి ఆయన లేచి కూర్చుని మూట ముడి విప్పుతున్నారు. బొంత తీశారు. గడ్డి తీశారు. కాగితాలు తీశారు. తపేలా మూత కొంచెం జరిపారు. ఆవిరి ఆయన మొహానికి కొట్టింది. గడ్డిపరక ఒకటి చేతిలోకి తీసుకుని చూశారు.

"ఇది మన గడ్డే. మామిడికాయలు మాగేసినట్టు అన్నం మాగేశారా ఏంటి మీరు?"

నేను మంచం మీద రాలిన గడ్డి ఏరడం మొదలుపెట్టాను. మావారికి మాత్రం, ఎవరైనా ఆ విషయం అడిగితే చాలు. "మాగెయ్యడం కాదండి మావయ్యగారూ. అన్నం ఉడకడానికి మంట అక్కర్లేదండి, వేడి ఉంటే చాలు. మనం ఆ తేడా తెలీక ఇన్నాళ్ళూ గ్యాసంతా గాలికి ఇస్తున్నాం" అని మొదలుపెట్టి, జీరో బల్బు దగ్గర్నించి నల్ల డబ్బా దాకా మొత్తం చెప్పేశారు. దాచాలనుకున్నది ఒక్కటీ మిగల్లేదు. నేను కాలితో సైగ చేస్తే, "కాలేమైంది?" అని అడిగారు.

విస్తళ్ళు వేశాను. మూత పూర్తిగా తీస్తే అన్నం ముద్ద. మావారి కొలతలన్నీ కొట్లో కొనే పాత బియ్యానివి. నాన్న పంపినవి ఆ వేసవిలో కోసిన దాళ్వా పంట కొత్త బియ్యం. పైగా అంతసేపు ఒక మనిషి ఒంటి వేడి కూడా తోడైంది. గరిటె పెడితే తపేలా ఆకారంలోనే పెళ్ళగా వచ్చింది. నాన్న పప్పు కలుపుకుని తిన్నారు. రెండోసారి కూడా వేయించుకున్నారు. నేను పెరుగు వడ్డిస్తుండగా, అనుకున్నంతా అయింది.

"అల్లుడుగారూ, ఇదంతా ఎందుకు మీకు? రేపే సామాను సర్దెయ్యండి. చెరువుల మీదికి వచ్చెయ్యండి."

మావారు తల దించుకుని మజ్జిగ మిరపకాయ కొరుకుతున్నారు. నమిలి, మింగి, మంచినీళ్ళు తాగి అడిగారు.

"మావయ్యగారూ, చెరువులో నీళ్ళు చిలికే మోటార్లు ఉంటాయి కదండీ, అవి ఎంతసేపు తిప్పుతారండి?"

"రాత్రంతా తిరగాలి. లేకపోతే రొయ్యలకి గాలి ఆడదు."

"రాత్రంతానా!" మావారు విస్తట్లోంచి చెయ్యి తీసేశారు. "అంత కరెంటే! మధ్యమధ్యలో కాసేపు ఆపి చూశారా?"

"ఆపితే ఎలాగండి? తెల్లారేసరికి చచ్చి తేలతాయి."

"అన్నీ తేలవు కదండీ. ఒక చెరువులో ఆపి, ఇంకోదాంట్లో ఆపకుండా, కొన్నాళ్ళు పోల్చి చూస్తే..."

నాన్న ఆయన మొహంలోకి చూశారు. నాన్న మజ్జిగ గ్లాసు ఎత్తి మొత్తం తాగి కింద పెట్టారు.

"వద్దు బాబూ. మీరు ఇక్కడే ఉండండి. ఈ ప్రెస్సే మీకు బాగుంది. అచ్చు తప్పులకి గాలి అక్కర్లేదు."

సాయంత్రం మోటారు తీసుకుని బస్సుకి వెళుతూ, వాకిట్లో నన్ను పక్కకి పిలిచారు. తిడతారనుకున్నాను. "మీ ఆయనకి కొంచెం తిక్క ఉందే" అన్నారు. తర్వాత, "ఆ మంట పెట్టి వండబోయాడు చూడు, నా కోసం. అప్పటికి మెలకువగానే ఉన్నాను. చప్పుడు విన్నాను" అన్నారు. మా గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. చెరువుల మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. తర్వాత కొన్నేళ్ళకి నాన్న పోయారు, చెరువులూ పోయాయి. మేం రాజమండ్రిలోనే ఉండిపోయాం.

మావారు ఆ ప్రశ్న నిజంగా తెలుసుకోవాలనే అడిగారా, లేకపోతే ఆ ఇల్లూ ఆ ఉద్యోగమూ నిలబెట్టుకోవడానికి తెలివిగా అడిగారా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. కలిసి ఉన్నన్నాళ్ళూ అడగాలనిపించేది. ఆయన్ని చూస్తే, ఒకరోజు అది ఒట్టి అమాయకత్వం అనిపించేది, ఇంకో రోజు కాదనిపించేది. రెండూ బాగానే ఉండేవి కాబట్టి అడగలేదు. ఇప్పుడు అడిగే వీలు లేదు, అందుకు పెద్ద దిగులూ లేదు. నాకు ఎక్కువగా గుర్తొచ్చేది, నాన్న "వద్దు బాబూ" అనగానే పెరుగు గిన్నె పట్టుకుని తలుపు చాటుకి వెళ్ళిపోయిన కొత్త పెళ్ళికూతురు. నవ్వు ఆగక, కళ్ళలో నీళ్ళు ఆగక, భోజనాల దగ్గర వినపడితే బాగుండదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ పిల్ల ఇప్పుడు కనపడితే ఒక్క మాటే చెబుతాను. ఆ కొంగు తియ్యవే. గట్టిగా నవ్వు. మీ ఆయనకి వినపడనీ.