ఆగి ఆగి నడిచిన కాలు

మాది కడప వైపు. మా ఆయన యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా కావడంతో తార్నాకలో కాపురం పెట్టాం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో ఉద్యోగులంతా ఊరేగింపుకు రావాలంటే ఆయనా వెళ్ళేవారు. క్యాంపస్ గేటు దాటి కాస్త నడవగానే ఎడమ పిక్క పట్టేసేది. నిలబడితే తగ్గేది. నడిస్తే మళ్ళీ పట్టేసేది.

ఆ ఆగడానికి ఎవరికి తోచిన అర్థం వారు చెప్పారు. ముందు వరుసలో నడిచే మా పక్కింటాయన, ఆఫీసులో సంఘం నాయకుడు, "ఏందన్నా, కాళ్ళు గీడ, మనసు కడపల ఉన్నదా?" అనేవాడు. కడప నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "మంచి పని చేస్తాండావు బావా, ఇంకా నిదానంగా నడువు" అని మెచ్చుకున్నాడు. రెండు వైపుల వాళ్ళూ ఆ కాలిని తమ లెక్కలో వేసుకున్నారే గానీ, నొప్పి ఎక్కడని ఒక్కరూ అడగలేదు.

చెప్పు కరిచిన పుండు బొటనవేలి మీద ఎంతకూ మానలేదు. తాకి చూస్తే ఒక పాదం వెచ్చగా, ఒకటి చల్లగా ఉంది. డాక్టరు పాదం మీద నాడి వెతికి, "రక్తం సరిగా దిగడం లేదు. వెంటనే రక్తనాళాలకు డాప్లర్ స్కాన్ తీయించండి. ఆలస్యమైతే కాలే పోవచ్చు" అన్నాడు.

ఆ రోజు బంద్, ఆటోలు లేవు. బంద్‌కు పిలుపిచ్చిన పక్కింటాయనే జెండా కట్టిన తన కారులో మమ్మల్ని మెట్టుగూడ స్కాన్ సెంటరుకు తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ ఆయన కాలికి చల్లటి జెల్లీ రాసి, చేతిలో పట్టే చిన్న పరికరం తొడకు ఆనించింది. చేటతో బియ్యం చెరిగినట్టు హుష్, హుష్‌మని రక్తం చప్పుడు వినబడింది. మోకాలి కిందికి వచ్చేసరికి అది నీరసపు నిట్టూర్పులా తగ్గిపోయింది.

"ఇక్కడ రక్తనాళం సన్నబడింది. పూర్తిగా మూసుకుపోలేదు, కాలు దక్కుతుంది. సిగరెట్ మానాలి. పుండు మానాక రోజూ నడవాలి. నొప్పి వస్తే ఆగి, మళ్ళీ నడవాలి" అంది.

నాకు ఊపిరి తిరిగింది. తలుపు దగ్గర నిలబడి విన్న పక్కింటి నాయకుడు మాత్రం నేల చూపులు చూశాడు. మెట్లు దిగగానే నన్ను పక్కకు పిలిచి, "వదినా, నాగ్గూడ పిక్క పట్టేస్తది. ముందు నడిచేటోన్ని, ఎట్ల ఆగాలె? పట్టినప్పుడల్లా మైకు తీస్కొని మాట్లాడుతున్న. జనం చప్పట్లు కొడుతుండ్రు. సంఘపోళ్ళకు చెప్పకు" అన్నాడు.

"చెప్పనులే, ముందు పైకి పద నాయనా" అని డాక్టరమ్మ తలుపు మళ్ళీ తట్టాను.