ఎక్కువ అడిగి తగ్గే అలవాటు

బట్టల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. రెండింతలు చెప్పి సగానికి దిగాలని అక్షరాల కంటే ముందు నేర్చుకున్నాను. డాక్టరు పది రోజుల మందులు రాస్తే ఏడు రోజులకు ఒప్పించుకొని వచ్చిన ఘనత నాది. ఆ అలవాటే మా కోరుట్ల దుకాణంలో బట్ట కోసే మనిషి కొంప ముంచబోయింది.

అతనిది సిరిసిల్ల. పంతొమ్మిదేళ్లప్పుడు, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేత పనిచేసే రోజుల్లో, పద్దెనిమిది నిండడానికి నాలుగు నెలలు తక్కువున్న అమ్మాయితో వెళ్లిపోయాడు. ఆమె తండ్రి కేసు పెట్టాడు. ఏడేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. ఆమె అప్పటిదాకా ఆగి అతన్నే పెళ్లి చేసుకుంది. ఇప్పుడు వాళ్లకో పాప. అయినా లైంగిక నేరస్తుల జాబితాలో అతని పేరు అలాగే ఉంది. ఆ జాబితా పోలీసులకు తప్ప ఎవరికీ కనిపించదు. కానీ కానిస్టేబుల్ గేటు ముందు నిలబడి, ఫలానావాడు ఇక్కడే ఉంటున్నాడా అని అడిగితే చాలు.

అలా వచ్చి అడిగి వెళ్లాక, వాళ్లు అద్దెకుంటున్న ఇంటి ఓనరు ఎందుకని అడిగింది, అతను చెప్పాడు. శుక్రవారానికల్లా ఖాళీ చేయమంది. ఆమెకు మా బజార్లోనే గాజుల దుకాణం. ఆమె బిడ్డ మీద చిన్నప్పుడు ఒకడు అఘాయిత్యం చేశాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆమె ముందు ఎవరూ ఎత్తరు.

జగిత్యాలలో ఒక వకీలు, ఇలాంటి జంటల కోసం చట్టం మార్చాలని సర్కారుకు దరఖాస్తులు పంపిస్తున్నాడు. మా వాడి దరఖాస్తు నేనే రాశాను. మొదటి సంతకం ఆ ఇంటి ఓనరుతో పెట్టిస్తే ఇల్లూ నిలుస్తుందని నా తెలివి. గురువారం పొద్దున అతని భార్యను వెంటబెట్టుకొని గాజుల దుకాణానికి వెళ్లాను.

ఓనరమ్మ కళ్లద్దాలు పెట్టుకొని చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

“లిస్టు మొత్తమే ఎత్తెయ్యాలె అని రాసినవు. నా బిడ్డ మీద చెయ్యేసినోడు గూడ అండ్లనే ఉన్నడు. వాని పేరు గూడ తీపిస్తవా తమ్మీ?”

“గట్ల కాదక్కా. మొత్తం అడిగితేనే గదా, వాళ్లు మనకు కావాల్సిన కాడికి దిగేది.”

“మరి దిగకుంట, అడిగినంత ఇచ్చేస్తే?”

చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చినవాణ్ణి నా బతుకులో చూడలేదు. అలాంటివాడు ఉంటాడనే తోచలేదు.

అతని భార్య మెల్లగా అంది: “అమ్మా, నన్ను ఎత్తుకపోయిండని రాసిండ్రు. బస్సుల కర్చీపేసి ఇద్దరికి సీటు ఆపింది నేనే. గా మాట కోర్టుల చెప్తే ఎవ్వలు ఇనలే.”

ఓనరమ్మ కాగితం తిరగేసి నా ముందుకు తోసింది. అక్కడే కూర్చుని వెనకవైపు రాశాను: ఇలాంటి కేసులను కొన్నేళ్లయ్యాక జడ్జి ఒక్కొక్కటిగా చూడాలి. అప్పటి అమ్మాయిని పిలిచి అడగాలి. ఇద్దరి ఇష్టంతో జరిగిందని తేలితే పేరు తీసేయాలి. మిగతా పేర్లు ఉండాలి.

రెండుసార్లు చదివించుకొని, ముందువైపు రాతను అడ్డంగా కొట్టేసి, సంతకం పెట్టింది.

“ఇల్లు, అమ్మా?” అని అతని భార్య అడిగింది.

“ఉండుండ్రి. కానీ నా బిడ్డ అచ్చిపోయే ఇల్లు. పోలీసు నా గేటుకాడికి రావద్దు. గీ తమ్ముని దుకాణంల అడగమను.”

“మా వెనక గల్లీల ఒక తలుపున్నదక్కా...” అని మొదలుపెట్టాను. ఆమె నా వైపు చూసింది. “ముందటి తలుపే,” అన్నాను.

దరఖాస్తుకు జవాబు ఇంకా రాలేదు. పోయిన నెల మల్లాపూర్ నుంచి పెళ్లి బట్టలకు వచ్చిన కుటుంబం ముందు చీరలు పరిచి ఉండగా, కానిస్టేబుల్ వచ్చి అతని పేరు పిలిచాడు. అతను కత్తెర కింద పెట్టి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

“ఎందుకచ్చిండు సేటూ పోలీసు?” అని వాళ్లలో పెద్దామె అడిగింది. పెళ్లికూతురు పట్టుకున్న చీర వదిలేసింది.

ఉన్నదంతా చెప్పాను. ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

పెద్దామె గుమ్మంలో ఉన్న అతని వైపు చూసింది. “జాకెట్టు బట్ట కోసేది గీయననేనా?”

“ఈయననే.”

ఆమె మనవరాలి వైపు చూసింది. ఆ పిల్ల చీర మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“అయితే ఆయన అచ్చేదాంక కూసుంటం,” అంది పెద్దామె.