జంపఖానాలో ఆయన సగం

కొత్తవాడలో మా మగ్గం మీద జంపఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడి సగం నాది, ఎడమ సగం మా ఆయనది. మొహాలు చూసుకునే పని ఉండదు. అందుకే ఎదురుగా చెప్పలేని మాటలన్నీ పంజాతో, అదే ఇనుప పళ్ల దువ్వెనతో, పేక దంచుతూ చెప్పేదాన్ని. ఒక్క మాట మాత్రం చాలా రోజులు అక్కడా నోరు దాటలేదు.

మత్తు సూది మాకిద్దరికీ అలవాటు. తాను వాడిందే నాకిచ్చేవాడు. "మొగడు పెండ్లాల నడుమ ఎంగిలేందే?" అని నవ్వేవాడు. ఎంత పిచ్చిదాన్ని! అదే ప్రేమనుకున్నాను. నానా తిప్పలు పడి నేను మానేశాను. ఆయన మానలేదు. రైల్వే స్టేషన్ వెనకాల దోస్తులతో అదే సూది, అదే ఎంగిలి. దవాఖానలో హెచ్ఐవీ పరీక్ష చేస్తే నాకేమీ లేదని తేలింది. ఆయన్ని రమ్మంటే రాడు. అక్కడి నర్సు కండోమ్ ప్యాకెట్లు చేతిలో పెట్టి, "ఆయన పరీక్ష చేయించుకునేదాక ఇవి లేకుంట దగ్గరికి రానియ్యకు చెల్లె. సూదితోటి అచ్చే రోగం గిట్ల గూడ అస్తది" అంది.

సరేనన్నాను. అనడానికేం, పొద్దున పూట ఎవరికైనా ధైర్యమే. సాయంత్రం ఆయన మిర్చి బజ్జీల పొట్లం తెచ్చి, పక్కన కూర్చుని, "తిన్నవా?" అనేవాడు. మా వాడకట్టులో నన్ను ఆ మాట అడిగే మనిషి ఇంకొకరు లేరు. సూది సంగతి తెలిశాక మా సొంత అక్క కూడా గడప తొక్కలేదు. ఈయన కూడా పోతే? ఆ భయానికే ప్యాకెట్లు నూలు గంప అడుగున ఉండిపోయేవి. నిజం చెబుతున్నాను, నాకు రోగం కంటే ఒంటరితనమంటేనే ఎక్కువ భయం.

ఒకరోజు జంపఖానా సగమయ్యాక అనేశాను. "నువ్వు దవాఖానకు పోయొచ్చేదాక కండోమ్ లేకుంట వద్దు."

ఆయన పంజా ఆగింది. "నాకు రోగమున్నదంటవా?"

"ఉన్నదనలే. తెల్వదంటున్న."

"గిన్నొద్దులు లేని ఎంగిలి ఇయ్యాల ఎందుకచ్చిందే? నా మీద నమ్మకం లేదని చెప్పు!"

లేచి వెళ్లిపోయాడు. చాలా రోజులు రాలేదు. ఒక్కదానికే అన్నం వండడం నాకు చేతకాలేదు, రోజూ మిగిలేది.

తర్వాతొక మధ్యాహ్నం వచ్చాడు. తన చోట కూర్చుని పంజా అందుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు పంజాలూ కలిసి మోగుతుంటే ఏడుపాగలేదు.

"ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టినట్టేనా?" అన్నాడు మెల్లగా.

అవునంటే చాలు, ఆ పూట ఇద్దరికి వండుకోవచ్చు.

"ఇడిసిపెట్టలే. దవాఖానకు పోదాం పా, నేను గూడ అస్త" అన్నాను.

పంజా కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వరుసలో నా సగం నేసి, పక్కకు జరిగి, ఆయన చోట కూర్చున్నాను. పీట ఇంకా వెచ్చగానే ఉంది. ఆ వరుస పూర్తి చేసి మళ్లీ నా చోటికి జరిగాను.