బ్రేకు మాస్టారి సైకిలు షికారు

డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని బ్రేకు మాస్టారు అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకి ఆయనే ఫోనెత్తి "బ్రేకు మాస్టార్ని మాట్లాడుతున్నా" అనేదాకా వచ్చింది.

నేర్పే కారులో పక్కసీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది, నేర్పేవాడి కోసం. మాస్టారి ఉద్యోగమంతా ఆ సీట్లోనే, ఆ బ్రేకు మీదే గడిచింది. స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా సరే, బండి ఆగేది మాత్రం ఆయన కుడికాలి కిందే. ఆ కాలితో పాటు నోరు కూడా పనిచేసేది. "అద్దం చూడు! పక్కకి చూడు! నన్నేంటి చూస్తావు, రోడ్డు చూడు!" అని ఆయన అరుస్తుంటే వీధి చివర కొట్టువాళ్ళు కూడా ఉలిక్కిపడి రోడ్డు చూసేవాళ్ళు.

చిక్కేమిటంటే, ఆ కాలికి సెలవురోజంటూ తెలియదు. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటే, తెరమీద ఏదైనా కారు జోరుగా వచ్చిందంటే చాలు, కాలు టక్కున ముందుకెళ్ళి ఎదురుగా ఉన్న బల్లని తన్నేది. కప్పులు ఎగిరేవి. బావమరిది కొత్త కారు కొని ముచ్చటపడి ఎక్కించుకుంటే, ఊరు దాటేలోపే కాళ్ళ కింద పట్టా చిరిగి ఊరుకుంది.

"బావా, అక్కడ బ్రేకు లేదు," అన్నాడు బావమరిది ఏడుపుగొంతుతో.

"లేదని నాకూ తెలుసు. అందుకే ఇంత గట్టిగా తొక్కాల్సొస్తోంది," అన్నాడు మాస్టారు.

ఆయన భార్య ప్రసూతి ఆస్పత్రిలో నర్సు. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. కేకలు వేయడం నొప్పులు పడేవాళ్ళ పని, మనం కూడా వేస్తే లోపలున్న బిడ్డ బయటికి రావడానికి జంకుతుందని ఆవిడ లెక్క. పెళ్ళైన కొత్తలో మాస్టారు ఆవిడకి కారు నేర్పుతానని ఉత్సాహపడ్డాడు. రెండో రోజో మూడో రోజో ఆవిడ నడిరోడ్డు మీద బండి ఆపి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, తలుపు నెమ్మదిగా వేసి, నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయింది. ఆ నెలలోనే సైకిలు కొనుక్కుంది. అప్పట్నుంచీ ఆస్పత్రికి సైకిలు మీదే. ఎందుకలా చేశావని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆవిడ సైకిలు తొక్కడం కూడా ఆయన సరిగా చూసి ఎరగడు. ఆవిడ వెళ్ళే వేళకి ఆయన ఎవరి పక్కనో కూర్చుని అరుస్తూ ఉండేవాడు.

ఆవిణ్ణి హెడ్ నర్సుని చేసిన రోజున వార్డువాళ్ళంతా కలిసి ఒక బహుమతి ఇచ్చారు. ఊరి బయట పచ్చటి చోట్లన్నీ సైకిళ్ళ మీద తిప్పి చూపిస్తారట, వెంట ఒక గైడు ఉంటాడట. ఇద్దరికి టిక్కెట్లు.

"సైకిలుకి గైడెందుకు? రోడ్డు ఎటు పోతే అటు పోతాం కదా," అన్నాడు మాస్టారు.

"రోడ్డు లేని చోట్లకి తీసుకెళ్తాడట."

"రోడ్డే లేకపోతే ఇంక రూల్సు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"రావు," అందావిడ ఎంతో సంతోషంగా.

ఆదివారం పొద్దున్నే సిటీ బస్సు ఆఖరి స్టాపులో దిగారు. అక్కడొక రేకుల షెడ్డు, దాని ముందు వరసగా సైకిళ్ళు. గైడు పొడుగ్గా, కాస్త వంగి ఉన్నాడు. ఇదివరకు లైబ్రరీలో పనిచేసేవాడట, గొంతు ఇంకా అక్కడే ఉన్నట్టుంది. ఏం చెప్పినా పక్కవాడి చదువు పాడవుతుందేమో అన్నట్టు చెబుతాడు. ఈ షికారు కోసమే బిగుతు నిక్కరు కొనుక్కుని దాన్లో ఎలా వంగాలో ఇంకా తేల్చుకోలేని పళ్ళ డాక్టరు ఒకాయన వచ్చాడు, భారీ మనిషి. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి వచ్చింది. మాస్టార్ని చూడగానే ఆ పెళ్ళికూతురి మొహం పాలిపోయింది.

"నమస్కారం మాస్టారూ," అంది అటెన్షన్లో నిలబడి.

"ఓహో, నువ్వా! క్లచ్చు మీద కాలు తీసేదానివి కాదు. ఇప్పుడెలా ఉన్నావమ్మా?"

"బాగున్నానండీ. తీస్తున్నానండీ." తర్వాత మొగుడి చెవిలో గొణిగింది, "చెప్పాను చూడు, కలలోకి వస్తుంటారని. ఈయనే."

మాస్టారు ఊరుకుంటాడా! అందరి సైకిళ్ళ బ్రేకులూ నొక్కి చూశాడు, గంటలు కొట్టి చూశాడు, డాక్టరు సీటు ఎత్తు తగ్గించాడు. గైడు "ఇక బయల్దేరదామా" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. "బయల్దేరండీ!" అని మాస్టారు కేకేశాడు. షెడ్డు రేకులు మోగాయి. అందరూ బయల్దేరారు.

గోదాముల వెనక సందు, ఆ తర్వాత ఇనప వంతెన, దాని అవతల ఎవరో కత్తిరించి పడేసినట్టు ఊరు అయిపోయింది. కాలువ గట్టు, గట్టుకి ఒకపక్క కూరగాయల మళ్ళు, ఇంకోపక్క రెల్లుపొదలు. తడిమట్టి వాసన. గైడు సైకిలు దిగి, వేలు చూపించి, గుసగుసగా చెప్పాడు: "అదిగో, ఆ పొద పక్కన నీటికోడి. పిల్లలు కూడా ఉన్నాయి. చప్పుడు చేయకుండా చూడండి."

వెనక ఉన్న డాక్టరు "ఏమంటున్నాడు?" అన్నాడు.

"చప్పుడు చెయ్యొద్దంటున్నాడు! నీటికోడి!" అని మాస్టారు గట్టుకి ఆ చివర ఉన్నవాడికి కూడా తెలిసేలా చెప్పాడు.

నీటికోడి సంసారంతో సహా వెళ్ళిపోయింది. గైడు ఖాళీ నీళ్ళకేసి కాసేపు చూసి "ఇప్పటిదాకా ఉంది," అన్నాడు. కొంగల దగ్గరా అంతే అయింది, పాలపిట్ట దగ్గరా అంతే అయింది. ఆపైన గైడు పక్షుల మాట మానేసి చెట్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చెట్లు ఎగిరిపోవు.

గట్టు మలుపు తిరిగాక ఒక చిన్న చెరువు వచ్చింది. దూరంగా, చాలా దూరంగా, ఒక మేక దారి దాటే ఆలోచనలో నిలబడి ఉంది. ఇంకా దాటలేదు, నిలబడే ఉంది. అయినా సరే, మాస్టారి కంటికి అది చాలు.

"బ్రేక్!"

ఆ కేక వినగానే పెళ్ళికూతురి చేతులు ఆమెని అడక్కుండానే బ్రేకు నొక్కేశాయి. వెనకే వస్తున్న మొగుడు వెళ్ళి ఆమెకి తగిలాడు. డాక్టరు తప్పుకోబోయి గడ్డిలో కూలబడ్డాడు, నిక్కరు పర్రుమంది. ఈ గందరగోళం ఎవరి వల్ల జరిగిందో చూద్దామని మాస్టారు తల వెనక్కి తిప్పాడు. దారి పక్కకి తిరిగింది, ఆయన తిరగలేదు. నేరుగా చెరువులోకి వెళ్ళాడు.

లోతు లేదు కాబట్టి సరిపోయింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నెత్తిన నాచుతో, "దూరం పాటించాలని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా," అన్నాడు. మేక ఆయన్ని పూర్తిగా చూసి, దారి దాటకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

సైకిలు ముందుచక్రం ఎనిమిది అంకెలా తిరిగిపోయింది. గైడు షెడ్డుకి ఫోన్ చేశాడు. కాసేపటికి వ్యాను ఇంకో సైకిలు తెచ్చింది. ఆ పూట మిగిలింది అదొక్కటేనట. పొడుగ్గా, రెండు సీట్లతో, రెండు జతల పెడళ్ళతో ఉన్న జంట సైకిలు.

"సరే, నేను ముందు కూర్చుంటా," అన్నాడు మాస్టారు, చొక్కా పిండుకుంటూ.

"మీరు వెనక," అన్నాడు గైడు.

ఈసారి అందరికీ వినపడింది. ఆ గొంతు తనదేనా అని గైడే ఒకసారి చుట్టూ చూశాడు. డాక్టరు చప్పట్లు కొట్టబోయి, ఒక చెయ్యి నిక్కరు వెనక అడ్డం ఉండటంతో ఆగిపోయాడు.

భార్య తన సైకిలు వ్యానెక్కించి ముందు సీట్లో కూర్చుంది. వెనక సీటెక్కాక మాస్టారికి మొట్టమొదట తెలిసిన సంగతి, ఎదురుగా భార్య వీపు తప్ప ఏమీ కనపడదని. రెండోది, తన ముందున్న హ్యాండిలు తిరగదని. మూడోది, వేళ్ళతో హ్యాండిలంతా తడిమాక తెలిసింది.

"ఏమోయ్, ఇక్కడ బ్రేకేదీ?"

"మీకు లేదు. రెండూ నా దగ్గరే ఉన్నాయి."

"మరి నేను ఆపాలంటే?"

"ఆపద్దు. తొక్కండి."

చదునుగా ఉన్నంతసేపూ ఎలాగో గడిచింది. గట్టు దిగి తోటల్లోకి పోయే చోట వాలు వచ్చింది. భార్య భుజం మీదుగా పక్కకి వంగి చూశాడు. కింద మలుపు, మలుపులో కంచె. ఇంక ఆ కుడికాలు ఆగుతుందా! ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. కారు కాదు కదా అది, సైకిలు. తొక్కితే ఏం చేయాలో దానికి తెలిసింది ఒక్కటే. రెండు జతల పెడళ్ళూ ఒక్క గొలుసుతో కట్టినవే, ఆవిడ కాళ్ళు కూడా గిర్రున తిరిగాయి. బండి బాణంలా దూసుకెళ్ళింది.

"తొక్కకండీ!"

"తొక్కట్లేదు, బ్రేకేస్తున్నా!"

"అదే మానండి!"

"ఎలా మానను, స్పీడు పెరుగుతుంటే!"

ఆయన ఎంత గట్టిగా ఆపితే బండి అంత జోరుగా పోతోంది, ఆవిడ బ్రేకులు ఆ కాలికి చాలడం లేదు. కంచె దగ్గరపడింది. అప్పుడు ఆవిడ వార్డు గొంతు తీసింది. మెత్తగా, తొందరేమీ లేనట్టు అంది: "కళ్ళు మూసుకోండి. ముక్కుతో గాలి పీల్చండి. ఆ... నోటితో వదలండి. కాళ్ళు వదులుగా పెట్టండి. చాలా బాగా చేస్తున్నారు. మళ్ళీ పీల్చండి..."

మాస్టారు పీల్చాడు, వదిలాడు. ఎందరు తల్లుల్ని ఒడ్డుకి చేర్చిన గొంతో, కాలు దానికి లొంగిపోయింది. సైకిలు చల్లగా మలుపు తిరిగి, కంచెని ఒరుసుకోకుండా, నేరేడు చెట్ల నీడలోకి వచ్చి నిమ్మళంగా ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే తాను క్షేమంగా ఉన్నాడు. ఆపింది తాను కాదు. ఆ రెండూ ఒకేసారి నిజం కావడం ఆయనకి చాలా వింతగా అనిపించింది.

మళ్ళీ బయల్దేరాక మాస్టారు కాళ్ళని వాటి మానాన తిరగనిచ్చాడు. చేయడానికి పనేమీ లేక పక్కకి చూశాడు. బఠాణీ తీగలు, వాటి మధ్య నీళ్ళు పారిస్తున్న మనిషి, ఎండలో ఆరేసిన గోనెలు. ఇన్నేళ్ళూ రోడ్డు తప్ప మరోటి చూడని మనిషికి, రోడ్డుకి పక్కలంటూ ఉంటాయని అప్పుడే తెలిసింది. ముందు భార్య మట్టిగడ్డల్ని తప్పించుకుంటూ, గుంత రాగానే నడుం కాస్త లేపుతూ, అవసరమైన చోట ఒక్క గంట మాత్రం కొడుతూ పోతోంది. చెప్పడానికి ఆయనకి ఒక్క తప్పు కూడా దొరకలేదు. చాలాసేపు వెతికాడు.

"నువ్వు బాగా నడుపుతావోయ్," అన్నాడు చివరికి, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"తెలుసు."

"మరి ఆ రోజు కారు అలా వదిలేసి వెళ్ళావేం? నేను అరిచాననేనా?"

ఆవిడ నవ్వింది. "అరుపులకి వెళ్ళిపోయేదాన్నైతే నా ఉద్యోగం ఒక్క రోజు చేయగలనా? అది కాదండీ. నేను బ్రేకు వేయబోయే లోపే మీరు వేసేసేవారు. ప్రతిసారీ. ఒక్కసారైనా బండి నా కాలి కింద ఆగనిచ్చారా? ఆపడం రాదేమోనని నాకే అనుమానం పట్టుకుంది."

మాస్టారు ముక్కుతో గాలి పీల్చి, నోటితో వదిలాడు.

తోట చివర అందరూ ఆగి టీ తాగారు, బ్రెడ్డు తిన్నారు. గైడు ధైర్యం చేసి ఒక గుడ్లగూబ తొర్ర చూపించాడు. మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. పెళ్ళికూతురు ఆయన పక్కకి వచ్చి కూర్చుని, "మాస్టారూ, ఇవాళ మీకు భయమేసిందా?" అని అడిగింది.

"వేసింది."

"మాకూ అలాగే ఉండేదండీ," అంది, ఇంకో బ్రెడ్డు ముక్క ఆయనకి అందిస్తూ.

తిరుగు ప్రయాణంలో "పాపం తడిబట్టలతో వణుకుతున్నారు, ముందైతే ఎండ తగులుతుంది," అని భార్య ఆయన్ని ముందు కూర్చోబెట్టింది. మాస్టారి ఆనందం అంతా ఇంతా కాదు. చేతికి హ్యాండిలు, వేళ్ళ కింద బ్రేకులు, ఎదురుగా దారి. కానీ ఇందాక దిగిన వాలు ఇప్పుడు ఎక్కాల్సిన ఎత్తు అయింది. సగం దూరం పోయేసరికి ఊపిరి ఆడటం లేదు. తొడలు కొలిమిలా మండుతున్నాయి. ఒంటిమీద తడి అంతా ఇప్పుడు చెమటే.

"ఏమోయ్, తొక్కుతున్నావా?"

"కాళ్ళు తిరుగుతూనే ఉన్నాయండీ," అంది వెనకనుంచి. నోట్లో ఏదో ఉన్నట్టుంది ఆ మాట.

"తిరగడం కాదు, తొక్కుతున్నావా అని!"

"మీరు దారి చూడండి, నన్ను చూడకండి."

పక్కనే ఆపసోపాలు పడుతున్న పళ్ళ డాక్టరుకి సాటి మగవాడి మీద జాలి కలిగింది. "మాస్టారూ, నేను చెప్పాననకండి," అన్నాడు రొప్పుతూ. "మేడమ్ రెండు చేతులూ వదిలేసి అరటిపండు ఒలుచుకుని తింటున్నారు."

"ఏమండీ," అంది ఆవిడ చల్లగా, "మీకూ ఒకటి ఉంచాను. ముందు పైదాకా ఎక్కండి."