తెల్ల గీత పక్కన పసుపు గీత

మా మేస్త్రి చనిపోయారు. పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఆయన కూతురు రాయచోటి నుంచి నా ఫోనుకి వాయిస్ మెసేజ్ పెట్టింది. "అన్నా, మా నాయన పొద్దున పొయినాడు. టీ తాగి మంచం మీద ఒరిగినాడు, మళ్లా లేయలా. మీకు చెప్పమని అమ్మ చెప్పింది" అని. అప్పుడు నేను సౌదీలో, దమ్మాంలోని మా ఇంట్లో చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాను. మెసేజ్ ఇంకోసారి విని, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసి కూర్చున్నాను. ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, ఇంటికి వెళ్లి ఎనిమిది నెలలే అయింది. ఆయన ఇక్కడ ఉండగా ఆయన గురించి నేను చెప్పాల్సిన నిజం ఒకటి ఉంది. చెప్పకుండా దాటేశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ఖతీఫ్ శివార్లలోని ఒక వర్క్‌షాపులో ఆయన ఇరవై ఆరేళ్లు పనిచేశారు. నా పాత కారు గేర్‌బాక్సు పట్టేసినప్పుడు ఎవరో చెబితే వెళ్లాను. నేను హిందీలో మొదలుపెట్టాను. మధ్యలో మా ఆవిడ ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడాను. ఆయన కారు కిందనుంచే, "యా ఊరుప్పా మీది?" అన్నారు. భీమవరం అన్నాను. "అయితే ఈసారి వచ్చేటప్పుడు చేపల కూర తేవల్ల" అన్నారు. ఆ తర్వాత ఆరేళ్లపాటు తెస్తూనే ఉన్నాను.

కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే దానికి బదులు దారం కట్టుకున్నారు. సులేమానీ గ్లాసు ఎప్పుడూ కంప్రెసర్ మీదే పెట్టేవారు. కంప్రెసర్ అదిరినప్పుడల్లా టీ సగం ఒలికిపోయేది. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అక్కడే పెట్టేవారు. గ్రీజు చేతులు చక్కెర, సబ్బుపొడి కలిపి తోముకునేవారు. ఆయన పనిలో మాత్రం ఒక కట్టుబాటు ఉండేది. బోల్టు బిగించాక దాని తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి పెయింట్ పెన్నుతో సన్నటి గీత గీయాలి. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి కంటికి తెలిసిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కో రంగు, ఆయనది పసుపు. "గీత గీసినోడే జవాబు చెప్పల్ల" అనేవారు. ఆయన కోపంగా చెప్పిన మాట నాకు గుర్తున్నంతలో ఇదొక్కటే.

ఇక ఆ కారు సంగతి. వర్క్‌షాపు నడిపేది మేస్త్రి కఫీలు, అంటే ఆయనకి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న సౌదీ మనిషి. అతని తమ్ముడికి చేపల వ్యాపారం, ఒక ఖర్జూరపు తోట ఉన్నాయి. ఆ తమ్ముడు ఎక్కడో బయటి దేశంలో పదిమంది కలిసి ఒక షెడ్డులో తయారుచేసే స్పోర్ట్స్ కారు తెప్పించుకున్నాడు. కారు కారుగా రాదు, ముక్కలుగా చెక్కపెట్టెల్లో వస్తుంది. గొట్టాలతో అతికిన చట్రం, ఫైబర్ ఒళ్లు, మామూలు ఇంటి కారులో ఉండే ఇంజను. తలుపులు లేవు, పైకప్పు లేదు, ఏసీ ఊసే లేదు. మనమే బిగించుకోవాలి. తోటలోని షెడ్డులో, శుక్రవారాలు జుమా నమాజు అయ్యాక మేస్త్రి బిగించడం, పక్కన స్టూలు వేసుకుని నేను ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుగులో చెప్పడం. తొమ్మిది నెలలు అలా గడిచాయి.

నాకు కార్ల పిచ్చి. నడిపే పిచ్చి కన్నా మాట్లాడే పిచ్చి ఎక్కువ. నాలాంటివాళ్లం కొందరం వాట్సాప్ గ్రూపులో రోజూ తగువులాడుకునేవాళ్లం. ఈ కారు విషయం తెలిశాక వాళ్లు కూడా శుక్రవారాలు తోటకి రావడం మొదలుపెట్టారు. ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేసే హైదరాబాద్ భాయ్, "ఏసీ లేని బండి ఈ దేశంల ఎవలు నడుపుతరన్నా, పైసలిచ్చి ఎండ కొనుక్కున్నట్టే గదా" అన్నాడు. ఎక్స్‌రే టెక్నీషియన్ ఒకాయన మాత్రం బరువు తక్కువైతే చిన్న ఇంజనే చాలునని, అసలు కారంటే ఇదేనని వాదించేవాడు. మా ఆవిడ ఖతీఫ్‌లోనే నర్సు. ఒకసారి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "చీర కట్టుకుని దీంట్లోకి దిగలేను, దిగితే లేవలేను. దీని గురించి నన్నడక్కండి" అంది. నా అభిప్రాయం గ్రూపులో పెద్ద వ్యాసంగానే రాశాను. ఇంటి కారు ఇంజను పెట్టిన దాన్ని స్పోర్ట్స్ కారు అనకూడదని, ఇది పెద్దవాళ్లు ఆడుకునే బొమ్మ అని. మేస్త్రిని అడిగితే, "నడపకముందే ఏం జెప్పేదిప్పా" అని మళ్లీ కిందికి దూరేవారు.

చివరి శుక్రవారాల్లో ఒకరోజు ఆయన నా చేతికి టార్క్ రెంచి ఇచ్చారు. సరిపడా బిగిసిందంటే అది టక్కుమంటుంది. "పుస్తకం చదివినావు గదా, చేత్తో గూడా చదువు" అని వెనక చక్రాలను చట్రానికి పట్టి ఉంచే బోల్టులు నాకు అప్పజెప్పారు. నా రంగు తెలుపు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఇంతలో మనవాళ్లు వచ్చారు, ఇంజను మీద తగువు మొదలైంది. ఎడమవైపు చివరి బోల్టు వేళ్లతో తిప్పి పెట్టాను. రెంచి చేతిలోనే ఉంది, నోరు మాత్రం ఎక్స్‌రే ఆయన మీద ఉంది. వాదన గెలిచాననుకున్నాక వంగి, ఆ బోల్టు మీద కూడా తెల్ల గీత గీసేశాను. టక్కుమందో లేదో గుర్తు చేసుకోలేదు.

ఆ మరుసటి శుక్రవారం కారు మొదటిసారి నడిపే రోజు. కారు యజమాని, అంటే ఆ తమ్ముడు, బంధువులను పిలిచాడు. ఖర్జూరాలు, గహ్వా అనే అరబ్బీ కాఫీ పంచిపెట్టారు. కారు వెనక చక్రాలు ర్యాంపుల మీద ఉన్నాయి. యజమాని సీట్లో కూర్చుని తాళం తిప్పబోతుంటే మేస్త్రి ఆగమని చెయ్యెత్తి, టార్చి తీసుకుని కిందికి వెళ్లారు. ఎంతకీ రాలేదు. తర్వాత చెయ్యి ఒక్కటి బయటికి చాపి రెంచి అడిగారు. యజమాని దిగి, బంధువుల ముందు కేకలేశాడు. తొమ్మిది నెలలుగా బుక్రా బుక్రా అంటూ రేపటికి నెట్టావు, ఇవాళ కూడా అదేనా అని. మేస్త్రి రెంచి అందుకుని చెయ్యి లోపలికి లాక్కున్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, నాకొచ్చిన అరబ్బీలో, ఆయనకి వయసైపోయింది, కళ్లు ఆనడం లేదు, ఏం చేస్తాం అన్నాను. ఆ మాట అన్నది నేనే. అప్పటిదాకా ఆయన్ని ఉస్తాద్ అని పిలిచే యజమాని ఆ పూట నుంచి షైబా అన్నాడు. ముసలాయన అని దానికి అర్థం.

అరగంట తర్వాత కారు తోటలోని సిమెంటు దారి మీద తిన్నగా పోయి తిరిగొచ్చింది. అందరూ దాని చుట్టూ మూగినప్పుడు మేస్త్రి నన్ను పక్కకి పిలిచి, "ఎడమ చక్రం బోల్టు మీద తెల్ల గీత ఎవురిది?" అన్నారు.

"నాదేనండి."

"వేలితో తిప్పితే తిరిగింది. మనిసి కూసునే బండిప్పా అది." తర్వాత చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. ఆయన నా పేరు యజమానికి చెప్పలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ.

ఆ సాయంత్రం యజమాని ఆయన్ని కూడా పక్కసీట్లో ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాడు. దిగాక అడిగాను, ఇప్పుడైనా చెప్పండి, ఎలా ఉందని. కళ్లద్దాల దారం సరిచేసుకుంటూ, "వేరే బండ్లు మనం ఏమారినా పోతాయి. ఇది మనం మేలుకోని ఉంటేనే పోతాది. మంచి బండే" అన్నారు. మేము గ్రూపులో రాసినవన్నీ కలిపినా ఇంత నిజం లేదు.

ఇంటికి వచ్చి మా ఆవిడకి జరిగినదంతా చెప్పాను. ఆమె కూర గిన్నె దించి, "ఇవ్వని ఇంజెక్షన్ ఇచ్చినట్టు చార్టులో సంతకం పెడితే మమ్మల్ని ఇంటికి పంపించేస్తారు తెలుసా? వెళ్లి ఆ యజమానికి చెప్పేయండి" అంది. చెబుతానన్నాను. వచ్చే వారం అన్నాను. రంజాన్ అయ్యాక అన్నాను. ఈలోగా మేస్త్రి ఈ దేశంలో ఉండటానికి కావలసిన ఇఖామా రెన్యూ చేయాల్సిన సమయం వచ్చింది. కఫీలు, నీకూ విశ్రాంతి కావాలి కదా, మా తమ్ముడు కూడా అంటున్నాడు అని రెన్యూ చేయలేదట. దానికి మూలం నా నోరేనని రుజువు చేయలేను, కాదని కూడా అనలేను. ఎయిర్‌పోర్టుకి నా కారులోనే తీసుకెళ్లాను. దారిలో క్షమాపణ చెప్పబోతే ఆయనే, "గేరు గట్టిగా పడతాంది, నూనె మార్పించు" అని మాట మార్చేశారు. నేను సిగ్గుపడతానని ఆయనకి తెలుసు. నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది చేపల కూర రోజుల్లో అయితే, అది భయంగా, గౌరవంగా మారింది ఆ దారిలో.

మెసేజ్ వచ్చిన మర్నాడు నేనూ మా ఆవిడా తోటకి వెళ్లాం. యజమాని షెడ్డు ముందే కూర్చుని ఉన్నాడు. కబురు అప్పటికే తెలిసింది. "షైబా మంచి మనిషి, అల్లా రహ్మత్ చూపించాలి" అన్నాడు. నిలబడే చెప్పాను. ఎడమ వెనక చక్రం బోల్టు బిగించనిది నేను, బిగించకుండానే గీత గీసింది నేను, ఆ రోజు ఆలస్యం నావల్ల, వయసైపోయిందన్న మాట కూడా నాదే అని. నా అరబ్బీ చాలదు కాబట్టి కొంత ఇంగ్లీషులో, కొంత చేతులతో చెప్పాను. అతను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది కూడా. అతను లేచి షెడ్డులోకి నడిచాడు.

కారు వెనక చక్రాలు ఆ రోజులాగే ర్యాంపుల మీద ఉన్నాయి. అతను తలగుడ్డ తీసి సీటు మీద పెట్టి, పాదాల దాకా ఉండే, ఇస్త్రీ మడత చెదరని తెల్లటి తోబుతో ఆ నూనె మరకల నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. లోపల ఫోను వెలుగు అటూ ఇటూ కదిలింది.

"బోల్టు మీద రెండు గీతలున్నాయి" అన్నాడు. "ఇందులో ఉస్తాద్‌ది ఏది?"

"పసుపు" అన్నాను.

వెలుగు ఒకచోట నిలిచింది. తర్వాత పక్క బోల్టు మీదికి జరిగింది. "దీని మీదా పసుపు ఉంది" అన్నాడు. ఆ తర్వాత దాని పక్కదాని మీదికి జరిగింది. మేము బయట నిలబడే ఉన్నాం. కారు కింద నుంచి అతని చెప్పులు, మసి అంటుకున్న తోబు అంచు మాత్రమే కనిపిస్తున్నాయి. అతను ఇంకా బయటికి రాలేదు.