ఒకే పొత్తిళ్ళలో ఇద్దరు

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ ఉన్నట్టుండి మాట్లాడటం ఆపేసింది. అంతవరకూ మా చెల్లితో కబుర్లు చెబుతూనే ఉంది. కవలలని ముందు నెలలోనే తెలిసింది కాబట్టి, "ఇద్దర్నీ ఎత్తుకోవాలి, బాగా తినాలి మరి" అని నవ్వింది కూడా. తర్వాత తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "పక్కకి తిరగమ్మా" అంది. "లేచి కాస్త నడిచి రా" అంది. చెల్లి వరండాలో నడిచొచ్చి మళ్ళీ పడుకుంది.

నేను విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆవిడ తెర మీద దేనికోసం వెతుకుతోందో నాకు అర్థమైంది. ఇద్దరు పిల్లల మధ్య సన్నటి పొర ఒకటి గీతలా కనబడాలి. అది లేదు. ఎటు నుంచి చూసినా ఇద్దరూ ఎదురెదురుగానే ఉన్నారు. ఒకళ్ళు కదిలితే రెండోవాళ్ళూ కదులుతున్నారు.

"అతుక్కుని ఉన్నారా మేడమ్?" నేనే అడిగాను.

ఆవిడ నాకు కాదు, చెల్లికి జవాబు చెప్పింది. "అవునమ్మా. రొమ్ము ఎముక కింద నుంచి బొడ్డు దాకా. గుండెలు రెండున్నట్టే ఉన్నాయి. లివరు మాత్రం కలిసిపోయింది."

చెల్లి ఏడవలేదు. పొట్ట మీది జెల్ తుడుచుకుంటూ, "ఇద్దరూ బతికే ఉన్నారుగా?" అంది.

మా మరిదికి ఆటోనగర్‌లో లారీల గేర్‌బాక్సులు బాగుచేసే షెడ్డుంది. ఆ సాయంత్రం గ్రీజు చేతులతోనే వచ్చి మా హాల్లో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "వదినగారూ, ఎక్కడ తేడా వచ్చింది? ఆమధ్య మెట్ల మీద కాలు జారింది, అందుకా?"

"కాదండీ. అప్పటికే అంతా అయిపోయింది. తను కడుపుతో ఉన్నానని తెలుసుకోకముందే."

వంటింట్లోంచి అతని తల్లి బయటికొచ్చింది. చల్లపల్లి దగ్గర పల్లె ఆవిడది. కోడలికి నెల తప్పిందనగానే సొంత తోటలోని అరటిపళ్ళు మోసుకొచ్చింది. ఆ గెలలో ఒకటి జంటపండు. కడుపుతో ఉన్నవాళ్ళు అది తినకూడదంటారు. కోడలు చూసుకోకుండా తినేసింది. కడుపులో కవలలని తెలిసినప్పుడు ఆవిడే అందరికీ ఆ సంగతి చెప్పి మురిసిపోయింది. ఇప్పుడు గుమ్మం పట్టుకుని, "నా చేత్తో నేనే పెట్టాను అమ్మాయ్" అంది.

ఆ ముగ్గుర్నీ కూర్చోబెట్టి నాకు తెలిసింది చెప్పాను. తరగతిలో ఏడాదికోసారి చెప్పే పాఠమే. ఒకే అండం. అది తొలిరోజుల్లోనే రెండుగా విడిపోతే ఇద్దరు పిల్లలు విడివిడిగా పెరుగుతారు. ఆలస్యంగా విడిపోతే ఒకే ఉమ్మనీటి సంచిలో పెరుగుతారు. రెండో వారం చివరికి పిండం ఒక చిన్న బిళ్ళలా ఉంటుంది. ఇది తల వైపు, ఇది కాళ్ళ వైపు అని తేల్చే గీత ఒకటి దాని మీద అప్పుడే పడుతుంది. ఆ బిళ్ళ మీద రెండు గీతలు దగ్గర దగ్గరగా పడితే ఇద్దరు మనుషులు మొదలవుతారు, పూర్తిగా విడిపోలేరు. కాదు, విడిపోయినవాళ్ళే మళ్ళీ తాకి అతుక్కుంటారని చెప్పే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఇంకా ఎవరూ తేల్చలేదు. తిండికీ, నడకకీ, గ్రహణానికీ దీంతో సంబంధం లేదు.

"మరి ఎందుకొస్తుంది?" అన్నాడు మరిది.

"తెలియదండీ. ఎవరికీ తెలియదు."

పాడైన వస్తువుకి కారణం వెతకడమే పనిగా బతికిన మనిషికి ఆ మాట మింగుడుపడలేదు. లేచి కుళాయి దగ్గరికెళ్ళి గోళ్ళ సందుల్లోని గ్రీజు రుద్దుకున్నాడు.

డాక్టర్లు అన్ని దారులూ చెప్పారు. వద్దనుకుంటే ఆపేయవచ్చనీ చెప్పారు. "గుండెలు రెండున్నాయన్నారు కదా" అంది చెల్లి. అంతే, ఆ మాట మీదే నిలబడింది. నెలలు నిండకముందే ఆపరేషన్ చేసి తీశారు. ఇద్దరూ ఆడపిల్లలు. ఒకే పొత్తిళ్ళలో, ఒకరి మొహంలోకి ఒకరు చూస్తున్నట్టు పడుకోబెట్టి తెచ్చారు. ఒకతె కాస్త బొద్దుగా ఉంది. రెండోది పీలగా, ముడుచుకుని ఉంది. పెద్దది, చిన్నది అని ఆ పూటే పిలవడం మొదలుపెట్టాం.

ఆసుపత్రి నుంచి ముందు చల్లపల్లి వైపే తీసుకెళ్ళారు. అది పొరపాటయింది. కబురు ఊరంతా పాకింది. కొందరు పసుపు కుంకుమలతో వచ్చి, అమ్మవారు వెలిసిందంటూ గుమ్మంలో కొబ్బరికాయ కొట్టబోయారు. కొందరు పైకి అయ్యో అంటూనే ఫొటోలు తీయడానికి ఫోన్లు ఎత్తారు. మా మరిది ఒకతని చేతిలో ఫోను లాక్కున్నాడు. "వాళ్ళు నా పిల్లలండీ! చూడ్డానికొచ్చే వింతలు కాదు!" అని అరుస్తుంటే అతని తల్లే గేటు మూసి, కోడల్ని కారెక్కించింది. ఆ సాయంత్రానికి అందరూ మా మేడ మీది పోర్షన్‌లోకి వచ్చేశారు.

వాళ్ళని ఎత్తుకోవడం నేర్చుకోవాలి. రెండు తలల కింద ఒక చెయ్యి, నడుముల కింద ఒక చెయ్యి. పక్కకి తప్ప పడుకోబెట్టడానికి లేదు. పెద్దది పాలు కక్కితే చిన్నదాని మొహం మీదే పడేది. ఒకతె ఏడిస్తే రెండోది ఉలిక్కిపడి లేచేది. పెద్దది నిద్రలో చిన్నదాని చెవి పట్టుకునేది.

డాక్టర్లు చెప్పిన ఒక మాట మాత్రం మమ్మల్ని పీడించేది. లివరు గుండా ఇద్దరి రక్తమూ కలుస్తోంది. ఒకరి గుండె ఆగితే రెండోవాళ్ళని కాపాడుకోవడానికి కొద్ది గంటలే ఉంటాయి. అందుకని చెల్లి మాటిమాటికీ వేలితో ఇద్దరి ముక్కుల దగ్గరా చూసేది. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే వేలు వెనక్కి తీసుకునేది.

ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే పైనుంచి కేక వినబడింది. పరిగెత్తాను. రెండ్రోజులుగా జలుబుతో ఉన్న చిన్నదాని పెదాలు నల్లబడుతున్నాయి. పెద్దది గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపుకి చిన్నదాని ఒళ్ళు కూడా అదిరిపోతోంది. మరిది షెడ్డులో ఉన్నాడు. నేనే కారు తీశాను. బందరు రోడ్డు మీద బెంజి సర్కిల్ దగ్గర బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. వెనక సీట్లో చెల్లి, "ఊపిరి తీస్తోందక్కా... తీస్తోంది... తీస్తోంది..." అంటూనే ఉంది. ఆ మాట ఆగినప్పుడల్లా అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాను. కారు దిగి, ముందున్న బస్సు డ్రైవర్ దగ్గరికెళ్ళి దణ్ణం పెట్టాను. ఆయన ఏమీ అడక్కుండా బస్సుని పక్కకి తీసి దారిచ్చాడు.

ఆక్సిజన్ పెట్టాక చిన్నది తేరుకుంది. మర్నాడు పిల్లల సర్జను మమ్మల్ని గదిలోకి పిలిచాడు.

"పిల్లలు ఇంకాస్త పెరిగాక విడదీద్దామనుకున్నాం. కానీ ఇలాంటిది ఇంకోసారి జరిగితే హడావిడిగా కొయ్యాల్సొస్తుంది. అది చాలా ప్రమాదం. కోలుకోగానే చేసేద్దాం."

"లివరు ఇద్దరికీ సరిపోతుందాండీ?" అన్నాడు మరిది.

"లివరు పెరుగుతుంది, దాని గురించి భయం లేదు. పైత్యరసం వచ్చే గొట్టాలు రెండున్నాయా, ఒకటేనా అన్నది స్కానులో సరిగ్గా తెలియట్లేదు. తెరిచాకే తెలుస్తుంది. ఒకటే అయితే..." ఆయన కాగితాల వైపు చూశాడు.

చెల్లి కుర్చీలోంచి లేచింది. "ఎవర్ని అని నన్ను అడక్కండి సార్. నేను చెప్పను. ఆయన్నీ అడక్కండి."

"అడగనమ్మా" అన్నాడాయన. "ఇద్దరి కోసమే లోపలికెళ్తున్నాం."

ఆపరేషన్ రోజున పొద్దున్నే తీసుకెళ్ళారు. ఇద్దరికీ రెండు జట్ల డాక్టర్లు. ఒక జట్టు టోపీల మీద ఎర్ర పట్టీ, ఇంకో జట్టు టోపీల మీద పచ్చ పట్టీ. పెద్దదాని మణికట్టుకి ఎర్రది, చిన్నదానికి పచ్చది కట్టారు. ఒకరికివ్వాల్సిన మందు పొరపాటున ఇంకొకరికి వెళ్ళకూడదు కదా. తలుపు మూసుకునేటప్పుడు పెద్దదాని చెయ్యి చిన్నదాని చెవి మీదే ఉంది.

చెల్లి వాళ్ళ అత్తయ్యగారు బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. మరిది బయట అంబులెన్సు పక్కన నిలబడి దాని ఇంజన్ చప్పుడు వింటున్నాడు. "బెల్టు మార్పించండి, తెగిపోతుంది" అని డ్రైవరుకి చెప్పడం కిటికీలోంచి వినబడింది. మధ్యలో ఒక నర్సు రక్తం సంచులతో లోపలికి పరిగెత్తింది. చెల్లి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. నేను చెయ్యి లాక్కోలేదు.

ఎండ వరండా దాటిపోయాక సర్జను మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ వచ్చాడు. "గొట్టాలు రెండున్నాయమ్మా. వేరు చేశాం. ఇద్దరూ ఉన్నారు."

అత్తయ్యగారు లేచి రెండు చేతులూ జోడించింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. "చిన్నదానికి పొట్ట మూయడానికి చర్మం చాల్లేదు. వలలాంటిది వేసి కుట్టాం. ఈ వారం గడవాలి."

ఆ వారం గడవడం ఎంత కష్టమైందో చెప్పలేను. చిన్నదానికి జ్వరమొచ్చింది. కుట్ల దగ్గర చీము పట్టింది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. చివరికి వెంటిలేటరు తీసేశారని తెలిసిన రోజున చెల్లిని లోపలికి రానిచ్చారు. రెండు మంచాల మధ్య నిలబడి అటూ ఇటూ చూసి, "ఇంత చిన్నవాళ్ళా?" అంది. అప్పటిదాకా ఇద్దర్నీ ఒక్క బరువుగానే మోసింది మరి. పెద్దదాన్ని చేతుల్లో పెడితే అలవాటుగా రెండో తల కోసం మోచెయ్యి చాపింది.

ఇప్పుడు ఇద్దరికీ మాటలొచ్చేశాయి. చిన్నదానికి ఇంకా పొట్ట దగ్గర ఒక ఆపరేషన్ మిగిలుంది. పరుగెత్తితే త్వరగా అలిసిపోతుంది. నోరు మాత్రం దాందే ఎక్కువ. మొన్న మా ఇంట్లో స్నానం చేయిస్తుంటే తన మచ్చ మీద వేలు పెట్టి, "ఇదేంటి పెద్దమ్మా?" అంది. నాకంటే ముందు చెల్లే చెప్పేసింది. "మీరిద్దరూ అక్కడ అతుక్కుని పుట్టారే."

చిన్నది అక్క వంక అనుమానంగా చూసింది.

"నేను అతుక్కోలేదు. అదే నన్ను పట్టుకుంది."