కాళ్ళ దగ్గర పెట్టనన్న మూట

ఆ రోజుల్లో మలేషియాలోని మా సుంగై పెటానిలో విమానం ఎక్కినవాళ్ళకి కరువేమీ లేదు గానీ, మా ఇంట్లో మాత్రం ఒక్కరూ లేరు. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చాడు, తాత రబ్బరు తోటలో గుమస్తాగా జీవితమంతా సైకిలు తొక్కాడు, నాన్న మోటారు సైకిలు దాకా వచ్చి ఆగిపోయాడు. అక్కణ్ణుంచి ఆకాశంలోకి ఎగరాల్సిన బాధ్యత నా నెత్తిన పడిందని ఇరవై రెండేళ్ళ వయసులో నేను గట్టిగా నమ్మేదాన్ని. (ఆ వయసులో మనిషి నమ్మనిదంటూ ఉండదు.) అందుకే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరిన కొత్తలో మా సారు "బయట ఊళ్ళలో కస్టమర్ల దగ్గరికి వెళ్ళాల్సి ఉంటుంది, విమానాలు అలవాటేనా?" అని అడిగితే, తడుముకోకుండా "చాలాసార్లు ఎక్కాను సార్" అనేశాను. అనేశాక మొహం మాత్రం నిబ్బరంగానే ఉంచాను.

మా సారు విజయవాడ నుంచి వచ్చి మూడేళ్ళయిన మనిషి. తొమ్మిదింటికి మీటింగంటే ఎనిమిదీ యాభై ఐదుకే తలుపు వేసేసేవాడు కాబట్టి చాటున 'గడియారం సారు' అని పిలుచుకునేవాళ్ళం. తెలుగు అమ్మాయినని నన్ను చూసి మొదట సంతోషించాడు, నా తెలుగు విన్నాక ఇంకా సంతోషించాడు, ఆ రెండో సంతోషంలో నవ్వు పాలు ఎక్కువ. మా ఫ్యాక్టరీ తయారు చేసిన మెషిన్లు ఎక్కడ ఆగిపోయినా మేం పరుగున వెళ్ళి బాగు చేయాలి. ఆ వెళ్ళే జట్టులో ఉన్నవాళ్ళకే ఎప్పటికైనా యూరప్‌లోని హెడ్డాఫీసు చూసే యోగం. మిగతావాళ్ళు స్టోర్ గదిలో డబ్బాలకి చీటీలు అంటించుకుంటూ ఉండాల్సిందే. "మంగళవారం జోహోర్ బారుకి నాతో రా. నీ పద్ధతి చూసి, జట్టులోకా స్టోర్‌లోకా అన్నది తేలుస్తాను" అన్నాడు సారు.

మాకు దగ్గర్లోని పెనాంగ్ నుంచి, దేశం దక్షిణపు కొసనున్న జోహోర్‌కి చిన్న జెట్టు విమానం, ఎకానమీ సీటు, గంట ప్రయాణం. నాకైతే చంద్రమండలానికి టిక్కెట్టు దొరికినట్టే ఉంది. వారం రోజులు అన్నం సహించలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, భోజనాల బల్ల దగ్గర కుర్చీకి నాన్న బెల్టు కట్టి, సీటు బెల్టు పెట్టుకోవడం, తీయడం సాధన చేశాను. 'చాలాసార్లు ఎక్కిన' మనిషి బెల్టు దగ్గర దొరికిపోతే పరువు దక్కదు కదా. అంతా సిద్ధం అనుకుంటున్న సమయంలో అమ్మమ్మ క్యాలెండరు చూసింది.

"మంగళారం పూట ఏ ఎర్రిది పెయానం సేస్తాదే?" అంది.

"టిక్కెట్టు కొనీసినారు, అమ్మమ్మా. మార్సడానికి అవదు లా" అన్నాను. (ఆ 'లా' మలేషియా తోక, మేం ఏ భాష మాట్లాడినా చివర తగులుకుంటుంది.)

"నువ్వు మార్సక్కర్లేదు. సోమారం పొద్దున్న మంచి గడియుంది. పరస్థానం ఎట్టీద్దాం."

పరస్థానం అంటే తెలియనివాళ్ళకి చెప్తాను. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందుగా మంచి గడియ చూసి, మనతో తీసుకెళ్ళే సామాను కొంత పక్కింట్లో పెట్టి వస్తారు. సామాను గడప దాటింది కాబట్టి మనమూ బయల్దేరినట్టే లెక్క. మర్నాడు దాన్ని తీసుకుని వెళ్తే మంగళవారం దోషం మనకి అంటదు. మా పక్కింటి తమిళ ఆంటీకి ఇది అలవాటే. మా ఇంట్లోవాళ్ళు పెట్టే మూటల కోసం ఆవిడ ఫ్రిజ్ నెత్తిన ఎప్పుడూ కాస్త చోటు ఉంచేది. అమ్మమ్మ పసుపు గుడ్డలో సేరు బియ్యం, పసుపు కొమ్ములు, సింహాద్రి అప్పన్న పటం పెట్టి, చిన్నపాటి గుమ్మడికాయంత మూట కట్టింది. "జోర్ ఎల్లేదాకా నేల మీదెట్టకు, కాళ్ళ కాడెట్టకు. అప్పన్న బాబు ఉన్నాడందులో. మరిసిపోకు, గుంటా" అని మూడుసార్లు చెప్పింది.

మంగళవారం పొద్దున్న ఆంటీ ఇంట్లోంచి తెచ్చుకున్న మూట చంకలో పెట్టుకుని విమానాశ్రయంలో అడుగు పెట్టేసరికి సారు అప్పటికే ఉన్నాడు. మూటకేసి ఒకసారి, చేతి గడియారంకేసి ఒకసారి చూశాడు. మెట్లెక్కి విమానం గుమ్మం దాకా వచ్చేసరికి నా ఆనందం పట్టలేకపోయాను. లోపల అటు రెండు, ఇటు రెండు సీట్లు, మధ్యలో సన్నటి దారి, చల్లటి గాలి, ఏదో కొత్త వాసన. నాది కిటికీ సీటు! సారు పక్క సీటు. కూర్చోగానే బెల్టు ఒక్క ఊపున పెట్టేసుకుని, ఆయన చూశాడా లేదా అని ఓరగా చూశాను. చూసినట్టే ఉంది. సగం గండం గడిచిందనుకున్నాను.

అప్పుడొచ్చింది విమానం అమ్మాయి. ఒళ్ళో మూట చూసి, "అదిక్, ఇది ఒళ్ళో ఉండకూడదు" అంది మలయ్‌లో, చెల్లెమ్మా అన్నంత ముద్దుగానే. పై అరలు తెరిచి చూసింది. చిన్న విమానానికి చిన్న అరలు, అన్నీ కిక్కిరిసి ఉన్నాయి. "ముందు సీటు కింద పెట్టేయండి" అంది. ముందు సీటు కింద అంటే ఎక్కడ? సరిగ్గా నా కాళ్ళ దగ్గర, అదీ నేల మీద! అప్పన్నని! నేను తల అడ్డంగా ఊపాను. ఆ అమ్మాయి మళ్ళీ చెప్పింది. పోనీ కాళ్ళు దగ్గరికి రాకుండా ఉంటే చాలేమోనని చెప్పులు విప్పి సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నా మోకాలు వెళ్ళి సారు పొట్టకి తగిలింది. "కాళ్ళు కింద పెడితేగానీ విమానం కదలదు" అంది ఆ అమ్మాయి, ఈసారి ముద్దు కాస్త తగ్గించి. ముందు వరసలోంచి నాలుగు తలకాయలు వెనక్కి తిరిగాయి. సారు గడియారం చూసుకున్నాడు.

"ఏంటమ్మా సమస్య? ఏముంది అందులో?"

"మెషిన్ పార్టు సార్" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది, నేనేం చెయ్యను.

"మెషిన్ పార్టు పసుపు వాసనేస్తోందేంటి?"

అంతే, నా నిబ్బరమంతా నీరుగారిపోయింది. ఆఫీసు కోసం నేర్చుకున్న శుభ్రమైన తెలుగు కూడా దాంతోపాటే పోయింది. "పరస్థానం మూట సార్ ఇది. అప్పన్న బాబు ఉన్నాడందులో. కాళ్ళ కాడ ఎట్టకూడదు సార్. నేనెప్పుడూ ఇమానం ఎక్కనేదు సార్, మా ఇంట్లో ఎవులూ ఎక్కనేదు. అబద్దం సెప్పీసినాను లా!" అని ఒక్క ఊపిరిలో అనేసి, స్టోర్ గదిలో చీటీలు అంటించుకుంటున్న నన్ను నేను కళ్ళారా చూసుకున్నాను.

సారు లేచాడు. పై అరలోంచి తన లాప్‌టాప్ సంచీ దించి, నా చేతిలోని మూట అందుకుని, జాగ్రత్తగా ఆ చోట పెట్టి అర మూశాడు. కూర్చుని సంచీని తన కాళ్ళ దగ్గరికి తోసుకున్నాడు. తోస్తుంటే బూటు తగిలింది కాబోలు, వెంటనే వంగి సంచీని ముట్టుకుని వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. నేను చూశానని తెలిసి కాస్త సిగ్గుపడ్డాడు కూడా. "మంగళవారం ఏంట్రా అని నిన్న మా అమ్మ ఫోన్‌లో ఒకటే గొడవ. పరస్థానం పెట్టమంది. మా కాండోలో పక్కింటివాళ్ళ మొహమే నేనెప్పుడూ చూళ్ళేదు, ఎవరింట్లో పెట్టను?" అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వు విమానం ఎక్కలేదని నాకు గుమ్మం దగ్గరే తెలుసులే. విమానం గడపకి వంగి దండం పెట్టి లోపలికొచ్చిన ఇంజనీరుని నేనింతవరకు చూళ్ళేదు" అన్నాడు. దండం పెట్టినట్టు నాకే తెలియదు!

ఇంతలో విమానం పరుగెత్తింది. అబ్బ, ఆ పరుగు! వీపు సీటుకి అతుక్కుపోయింది, కిటికీలో గడ్డి గీతలు గీతలుగా పోయింది, చక్రాల చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. "అయ్యబాబోయ్, లెగిసిపోయింది సార్!" అని విమానమంతా వినబడేలా అరిచి సారు చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నది సరిగ్గా ఆ గడియారం ఉన్న చోట. కింద సముద్రం, పొడుగాటి వంతెన, దాని మీద చీమల్లా కార్లు. నాన్న మోటారు సైకిలు మీద ఎన్నోసార్లు నన్ను ఆ వంతెన దాటించాడు. ఆ సంగతి సారుకి చెప్పాను, ఓడ సంగతి, సైకిలు సంగతి కూడా చెప్పాను, విమానం అమ్మాయి ఇచ్చిన వేరుశనగ పప్పుల పొట్లం విప్పకుండా అమ్మమ్మకని దాచాను, మబ్బు లోపలికి వెళ్తే కూడా చెప్పాను. ఆయన ఆ గంటా గడియారం చూసుకోలేదు. (చూసుకోవాలన్నా కుదరదు, నేను చెయ్యి వదిలితే కదా.) చక్రాలు నేలకి తగలగానే నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

మెట్లు దిగుతూ, "నిన్ను జట్టులోకి తీసుకుంటున్నాను" అన్నాడు సారు. "మెషిన్ ఎందుకు ఆగిందని కస్టమర్ అడిగితే నువ్వు రెండు నిమిషాలు కూడా దాచలేవు. నాకలాంటివాళ్ళే కావాలి." ఎగిరి గంతేశాను. నెత్తిన మూట పెట్టుకుని జోహోర్ విమానాశ్రయంలో గంతేసిన మొదటి ఇంజనీరుని కూడా బహుశా నేనే.

మొన్న హెడ్డాఫీసు పని మీద యూరప్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అచ్చం అలాంటి చిన్న జెట్టులోనే వెళ్ళాను. నేల ఎప్పుడు వదిలిందో కూడా గమనించలేదు, ఈమెయిళ్ళు చూసుకుంటున్నాను. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ నా మోచెయ్యి తట్టి, కింద మంచు కొండలు కనిపిస్తున్నాయి చూడమంది. తలెత్తకుండానే "చాలాసార్లు చూశానండీ" అన్నాను. అన్నాక వేళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడా మాట నిజమే. అబద్ధంగా ఉన్న రోజుల్లో ఎంత సంబరంగా చెప్పానో, నిజమయ్యాక ఎంత విసుగ్గా చెప్పాను! నాలో నేనే నవ్వుకుని, గబగబా లాప్‌టాప్ మూసి, ఆవిడ మీదుగా వంగి చూశాను. కొండలు అప్పటికే వెనక్కి వెళ్ళిపోయాయి, వట్టి తెల్ల మబ్బు మిగిలింది.

"అబ్బ, ఎంత బాగున్నాయో కొండలు!" అన్నాను ఆవిడతో.